మంచు కరిగింది, బడి తెరిచారు... ఇక మనమూ కదలాలి

అక్కచెల్లెళ్లూ, కరెంటు ఉందా? నీటి గొట్టాలు పగలకుండా నిలిచాయా? ఇటు ఫ్రిస్కో, ప్రాస్పర్ నుంచి అటు ఇర్వింగ్, కోపెల్ దాకా డాలస్ చుట్టుపక్కల మంచుకు మూసిన బడులన్నీ మళ్లీ తెరిచారు. పొద్దున్నే పసుపు బస్సు మా వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే మనసు కుదుటపడింది. హైస్కూలు పిల్లలు వరసగా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం లేస్తారు, అర్ధరాత్రి నూడుల్స్ వండుకుంటారు, మనతో మాట్లాడమంటే తలుపేసుకుంటారు. అయినా ఆ నాలుగు గోడల మధ్య వాళ్లతో కూర్చుని పేకాడిన సాయంత్రాలు మళ్లీ ఎన్ని దొరుకుతాయి? సీనియర్లు, అంటే హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలున్న తల్లులకైతే ఆ బాధ బాగా తెలుసు.

విజయవాడలోనో, వరంగల్‌లోనో ఉన్న మన పెద్దవాళ్లు ఫోన్లో అడిగేది ఒకటే. "వేలెడు మంచుకే బడి మూసేస్తారా? చికాగో పిల్లలు మోకాలి లోతు మంచులో వెళ్తున్నారుగా?" నిజమే అమ్మా, కానీ చికాగోలో పడేది మెత్తటి మంచు. ఇక్కడ ఎక్కువగా కురిసేది నేల తాకగానే గడ్డకట్టే వాన. రోడ్డు మీద అద్దంలా పరుచుకుంటుంది, కంటికి ఆనదు. కింద నుంచి నేల వేడి అందదు కాబట్టి వంతెనలూ ఫ్లైఓవర్లూ ముందు గడ్డకడతాయి, డాలస్‌లో ఏ మూలకు వెళ్లాలన్నా ఫ్లైఓవర్ ఎక్కాల్సిందే. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే దాని కోసం ఈ ఊళ్లు ఉత్తరాది నగరాల్లాగా వందల కొద్దీ మంచు తోడే బళ్లు కొనిపెట్టుకోవు. ఇసుక చల్లుతారు, ఉప్పునీళ్లు చల్లుతారు, ఎండ కోసం చూస్తారు.

ఇంకో సంగతి హైస్కూలుకే ప్రత్యేకం. ఇక్కడ పదహారేళ్లకే లైసెన్సు వస్తుంది. స్కూలు పార్కింగులో నిలిచే కార్లలో చాలావాటిని నడిపేది కిందటి వేసవిలో స్టీరింగ్ పట్టిన పిల్లలే. మంచు మీద బ్రేకు గట్టిగా తొక్కకూడదని వాళ్లకు ఎవరైనా మాటల్లో చెప్పి ఉండొచ్చు, కాళ్లకు మాత్రం ఆ అలవాటు లేదు. అందుకే తెల్లవారుజామున, మనం ఇంకా దుప్పట్లో ఉన్న వేళ, స్కూల్ డిస్ట్రిక్ట్ రవాణా విభాగం వాళ్లు బళ్లేసుకుని వంతెనలు, మలుపులు చూసి వస్తారు. వాళ్లు చెప్పిన దాన్ని బట్టి సూపరింటెండెంట్ నిర్ణయం తీసుకుంటే మన ఫోన్ మోగుతుంది. ఆ మెసేజ్ ఆలస్యమైందని కోప్పడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ చలిలో మన పిల్లల కోసం రోడ్డు మీద నిలబడ్డ మనిషి ఒకరున్నారు కదా.

2021 ఫిబ్రవరి చూసిన వాళ్లెవరూ ఈ మూసివేతలను తేలిగ్గా తీసుకోరు. ఆ నెల 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మన సెల్సియస్ లెక్కలో దాదాపు మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. పొయ్యి వెలిగే ఇళ్లలో మూడేసి కుటుంబాలు చేరి ఒకే గదిలో పడుకున్న తెలుగువాళ్లు ఇప్పటికీ ఆ రాత్రుల కబుర్లు చెప్పుకుంటారు. 2023 జనవరి ఆఖర్లో మళ్లీ ఐస్ వచ్చి బడులు మూతపడ్డాయి. కాబట్టి బడి మూశారంటే దానికి కారణం ఉంటుంది.

సరే, తెరిచారు. "పోయిన క్లాసులు ఎలా పూడుస్తారు? వేసవి సెలవులు వెనక్కి జరుపుతారా?" అని చాలామంది అడిగారు. టెక్సాస్‌లో లెక్క రోజుల్లో కాదు, నిమిషాల్లో. ఏడాదికి 75,600 నిమిషాలు బడి నడవాలి. చాలా డిస్ట్రిక్టులు రోజూ కాస్త ఎక్కువ నిమిషాలు నడిపి ముందే నిల్వ చేసుకుంటాయి. ఆ నిల్వ సరిపోకపోతే క్యాలెండర్లో వాతావరణం కోసమని ముందే గుర్తుపెట్టిన రోజులు ఉంటాయి. మీ డిస్ట్రిక్ట్ క్యాలెండర్ తీసి చూడండి, సెలవు అనుకున్న ఒక సోమవారమో శుక్రవారమో మేకప్ డే అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. హైదరాబాద్ టిక్కెట్లు కొనేవాళ్లు ముందు ఆ కాగితం చూసి, తర్వాత విమానం చూడండి. బడి ఇంకా నడుస్తుండగానే పిల్లల్ని లాక్కుని ఎక్కించకండి. చివరి వారంలో పరీక్షలుంటాయి.

బడి ఆగింది కానీ కొన్ని తేదీలు ఆగలేదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ పరీక్షలు దేశమంతటా ఒకే వేళల్లో, మే నెల మొదటి రెండు పూర్తి వారాల్లో జరుగుతాయి. మన ఊళ్లో మంచు పడిందని కాలేజ్ బోర్డు వాటిని వెనక్కి జరపదు. క్యాలిక్యులస్‌లో పోయిన పాఠాలు ఇక వేగంగా పరిగెడతాయి. అలాగని వెంటనే కోచింగ్ సెంటర్లకు డబ్బు కట్టనక్కర్లేదమ్మా. ముందు స్కూల్లోనే ట్యుటోరియల్స్ ఉన్నాయేమో చూడండి. బడి మొదలవకముందో, అయ్యాకో టీచరు గదిలో కూర్చుని పిల్లలకు అర్థం కానిది మళ్లీ చెప్తారు. పైసా ఖర్చు లేదు. మన పిల్లలు మొహమాటంతో వెళ్లరు. "నాకు రాదని టీచర్‌కి తెలిసిపోతుంది" అంటారు. తెలియాలి కదా నాన్నా, తెలిస్తేనే కదా చెప్పేది! వారానికి ఒక పొద్దున్న పెందలాడే దింపి రండి.

మార్కులు చూసే యాప్ గురించి ఒక మాట. బడి తెరిచిన వారంలో అందులో ఖాళీలూ సున్నాలూ విరివిగా కనిపిస్తాయి. మూసివేతలో ఇవ్వలేకపోయిన పేపర్లకు కొందరు టీచర్లు తాత్కాలికంగా సున్నా వేసి ఉంచుతారు, తర్వాత దిద్దుతారు. రాత్రి పదకొండింటికి ఆ సున్నా చూసి పిల్లాణ్ణి నిద్రలేపి అడిగిన తల్లులున్నారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు. ఓ వారం ఆగి, అప్పటికీ మారకపోతే పిల్లాడినే టీచర్‌కు మెయిల్ రాయమనండి. అది వాళ్లు నేర్చుకోవాల్సిన విద్యే. అయితే ఆటల్లో, బ్యాండులో, నాటకంలో ఉన్న పిల్లలకు మాత్రం ఒక హద్దుంది. 1984లో వచ్చిన టెక్సాస్ చట్టం ప్రకారం, మినహాయింపున్న పై స్థాయి కోర్సుల్లో తప్ప, ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే పోటీలకు వెళ్లనివ్వరు. సాకర్ ఇక్కడ చలికాలపు ఆట, సీజన్ ఇప్పుడే నడుస్తోంది. గోల్ కీపర్ కెమిస్ట్రీలో 68 దగ్గర ఆగితే జట్టు ఆడుతుంటే పక్కన చూస్తూ కూర్చోవాలి.

ఇక నాకెంతో ఇష్టమైన కబురు చెప్తా, వినండి. హైస్కూలు అంటే కంప్యూటర్లూ రోబోలూ మాత్రమే అనుకునేవాళ్లకు ఇది తెలియాలి. ఈ చుట్టుపక్కల చాలా డిస్ట్రిక్టులకు పశువుల కొట్టాలున్నాయి. ఎఫ్ఎఫ్ఏ అనే వ్యవసాయ విద్యార్థి సంఘం 1928 నుంచి ఉంది, నీలిరంగు కార్డ్రాయ్ జాకెట్లు వేసుకుంటారే, వాళ్లే. పిల్లలు మేకను, గొర్రెను, పందిని, కోడెను, కుందేలును తెచ్చి పెంచుతారు. జనవరిలో మొదలై మార్చి దాకా ప్రదర్శనలే ప్రదర్శనలు. ముందు కౌంటీ ప్రదర్శనలు, ఆపైన 1896లో మొదలైన ఫోర్ట్‌వర్త్ స్టాక్ షో, తర్వాత శాన్ ఆంటోనియో, హ్యూస్టన్.

ఇప్పుడు ఆలోచించండి. బడి మూశారు. రోడ్లన్నీ అద్దాలు. మేకకు సెలవుందా? తొట్టిలో నీళ్లు గడ్డకట్టాయి, వాటిని పగలగొట్టి గోరువెచ్చటి నీళ్లు పోయాలి. తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి పరచాలి. రెండు పూటలా మేత వెయ్యాలి. మా పేటలో ఓ తెలుగు అమ్మాయి మేకపిల్లను పెంచుతోంది. మూసివేత రోజుల్లో వాళ్ల నాన్న నత్తనడకన బండి నడుపుకుంటూ రెండు పూటలా తీసుకెళ్లాడు. ఆయన గుంటూరు జిల్లాలో గేదెల మధ్య పెరిగి, ఇక్కడికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ మనిషి. కూతురికి మేక గిట్టలు పట్టుకుని చూడటం, పొట్ట ఉబ్బిందేమో నొక్కి చూడటం తానే నేర్పాడట. ఆ మాట చెప్తుంటే వాళ్లావిడ కళ్లు చెమర్చాయి, నావీ చెమర్చాయి. తండ్రి బాల్యం కూతురికి అందటానికి టెక్సాస్ పశువుల కొట్టం దారి చూపిందంటే ఎంత సంతోషం!

కానీ ఒక నిజం దాచకుండా చెప్పాలి. మాంసం జాతి పశువులను పెంచితే ప్రదర్శన అయ్యాక వాటిలో చాలావాటిని అమ్మేస్తారు, అవి కబేళాకు వెళ్తాయి. పేరు పెట్టి పెంచుకున్న పిల్లకు అది చిన్న దుఃఖం కాదు. మన ఇళ్లలో శాకాహారులున్నారు, అమ్మమ్మలున్నారు. అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడే టీచర్ని అడగండి. పాడి మేకలు, సంతతి కోసం పెంచేవి, కుందేళ్లు, మొక్కలు, పూల అలంకరణ... ఇలా వేరే దారులు కూడా ఉంటాయి. ముందే తెలిసి ఒప్పుకుంటే ఒక సంగతి. ఆఖరి రోజు తెలిస్తే పిల్ల తట్టుకోలేదు.

నాటకం పిల్లల హడావిడి ఇంకో రకం. టెక్సాస్‌లో స్కూళ్ల మధ్య పోటీలెన్నో నడిపే యూఐఎల్ సంస్థ 1910 నుంచి ఉంది. అది పెట్టే ఏకాంకిక పోటీలు వసంతంలో వస్తాయి. నాటకం 40 నిమిషాలు దాటితే అనర్హులే. రంగం అమర్చుకోవడానికి ఏడు నిమిషాలు, తీసెయ్యడానికి ఏడు నిమిషాలు. ఇంత బిగువైన పోటీకి వారం రిహార్సల్ పోవడమంటే మాటలు కాదు. ఇప్పుడు సాయంత్రాలూ శనివారాలూ స్కూల్లోనే ఉంటారు, ఆకలితో ఉంటారు. వాళ్లకు భోజనం పెట్టే పని తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బుది. ప్రతిసారీ పిజ్జాయే. మన పులిహోర వెళ్తే ఎలా ఉంటుందో చెప్పండి? వెళ్లింది కూడా, గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. పల్లీలు, జీడిపప్పు మాత్రం వేయకండి, అవి పడని పిల్లలుంటారు. ఏమేం వేశారో కాగితం మీద రాసి గిన్నెకు అంటించండి. మాంసం లేదని కూడా రాయండి.

వయొలిన్, కోరస్ పిల్లలకు కూడా ఇది ముఖ్యమైన కాలం. ఏటా ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో టెక్సాస్ సంగీత ఉపాధ్యాయుల సమావేశం జరుగుతుంది, ఆల్ స్టేట్‌కు ఎంపికైనవాళ్లు అక్కడ కచేరీ చేస్తారు. మిగతావాళ్లకు వసంతంలో యూఐఎల్ పోటీలు. కర్ణాటక సంగీతం నేర్చుకుని చెవి బాగా తేరిన మన పిల్లలు ఆర్కెస్ట్రాలో రాణిస్తున్నారు. కచేరీ ఉందంటే వెళ్లండి. "వాడు వెనక వరుసలోగా, కనబడడు" అనకండి. మీరొచ్చారో లేదో వాడు చూస్తాడు.

వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునేది కూడా ఈ రోజుల్లోనే. మంచు వల్ల ఆగిపోయిన కౌన్సెలర్ సమావేశాలకు కొత్త తేదీలిచ్చి ఉంటారు, మెయిల్ చూసుకోండి. ఆ సమావేశానికి మాత్రం తప్పకుండా వెళ్లాలమ్మా. కోర్సుల ఎంపికలో మన ఇళ్లలో గొడవంతా క్లాసు ర్యాంకు దగ్గరే. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ నేరుగా సీటిచ్చే హద్దును టాప్ 6 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాక, 2026లో చేరే పిల్లల నుంచి అది అమల్లోకి వచ్చాక, ఆ గొడవ ఇంకా ముదిరింది. ప్రతి సబ్జెక్టూ ఏపీ, ప్రతి ఏపీకీ ట్యూషన్. పిల్ల ఆరున్నర గంటలు కూడా పడుకోదు. నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను. నిద్ర చంపుకుని తెచ్చుకున్న ర్యాంకు ఆ పిల్లకు మేలు చేయదు. సీటు వచ్చినా శరీరం అలిసిపోయి వెళ్తుంది. నాలుగు ఏపీలు తీసుకునే పిల్లను అయిదోది తీసుకోమని బలవంతం చేసేముందు, ఆ అయిదో గంటలో తను ఏం చెయ్యాలనుకుంటోందో అడగండి. పాటా? బొమ్మలా? కారు ఇంజను విప్పడమా? అవన్నీ స్కూల్లో ఉన్నాయి.

ఇంకో రెండు సంగతులు కౌన్సెలర్ని అడగండి. ఇంట్లో తెలుగు మాట్లాడి, చదవడం రాయడం కూడా వచ్చిన పిల్లలకు పరీక్ష పెట్టి విదేశీ భాష క్రెడిట్ ఇచ్చే ఏర్పాటు కొన్ని డిస్ట్రిక్టుల్లో ఉంది. తెలుగు నేర్పే మనబడికి వెళ్లి గుణింతాలు నేర్చుకున్న పిల్లలకు అది చేతికందే ఫలం. రెండోది, హెచ్-4 వీసా మీదున్న పిల్లల సంగతి. వాళ్లకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు, జీతం తీసుకునే పని చేయడానికి వీల్లేదు. తోటిపిల్లలు వేసవిలో ఐస్‌క్రీమ్ కొట్లో పని చేస్తే వీళ్లు ఇంట్లో కూర్చుంటారు. వీసాల సంగతి ప్రతి కౌన్సెలర్‌కూ తెలిసి ఉండాలనేం లేదు. మొహమాటపడకుండా విడమరిచి చెప్పండి. అప్పుడే ఆ పిల్లకు తగ్గ స్కాలర్‌షిప్పులు, తగ్గ సేవా కార్యక్రమాలు వెతకగలరు.

బడి మూసినప్పుడు మన ఇళ్లలో పప్పుచారు కాగింది, అప్పడాలు వేగాయి. అదే స్కూల్లో మన పిల్లల పక్క బల్ల మీద కూర్చునే కొందరికి పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ స్కూల్లోనే దొరుకుతాయి. 1946 నుంచి నడుస్తున్న జాతీయ బడి భోజన పథకం వాళ్లకు ఆసరా. బడి మూసిన ప్రతి రోజూ వాళ్లకు ఆ పూటలు పోయినట్టే. ఖరీదైన ఊళ్లలో కూడా అలాంటి పిల్లలున్నారు, మనకు కనబడరంతే. కౌన్సెలర్ గదిలో చిన్న అల్మారా ఉందేమో అడగండి, శుక్రవారం సాయంత్రం ఇంటికి తీసుకెళ్లేందుకు తిండి పెడతారు. మూత లాగితే తెరుచుకునే డబ్బాలు, వేడినీళ్లు పోస్తే తయారయ్యేవి ఇవ్వండి, పిల్లలు తమంతట తామే తినగలిగేవి. స్కూల్లో అల్మారా లేకపోతే ప్లేనోలోని నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ ఉంది, అక్కడ సరుకు సర్దడానికి చేతులు ఎప్పుడూ కావాలి.

సీనియర్ల తల్లులూ, మీతో ఒక్క మాట. ప్రామ్ పార్టీ బట్టలు, ఇయర్‌బుక్కు, గ్రాడ్యుయేషన్ గౌను, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మార్చి చివర్లో కాలేజీల జవాబులొస్తాయి, మే ఒకటికల్లా చాలావాటికి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. అంతదాకా గుళ్లో, పుట్టినరోజు పార్టీల్లో, ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం టాంటెక్స్ సభల్లో కలిసిన పిల్లల్ని "ఏ కాలేజీ వచ్చింది?" అని అడగకండి. దండం పెడతాను. చెప్పాలనుకుంటే వాళ్లే చెప్తారు. "ఎలా ఉన్నావమ్మా, ఈమధ్య ఏం సినిమా చూశావు?" అని అడగండి, మొహం ఎలా విచ్చుకుంటుందో చూడండి.

కొత్తగా వచ్చిన చెల్లెళ్లు కొందరు నాతో అంటుంటారు. "అక్కా, స్కూలుకెళ్తే ఆ ఇంగ్లీషు నాకు గబుక్కున అర్థం కాదు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లలా ఉంటారు, నేనెక్కడ నిలబడాలో తెలీదు." తల్లీ, అక్కడ నిలబడ్డ సగం మందికి అదే బెరుకు. వాలంటీర్ ఫారం ఆన్‌లైన్లో నింపండి, వివరాలు సరిచూసి అనుమతి ఇస్తారు. వెళ్లిన రోజు గుర్తింపు కార్డు ఆఫీసులో చూపిస్తే ఛాతీకి స్టిక్కర్ అంటిస్తారు. పుస్తకాల మేళాలో డబ్బాలు విప్పడం, నాటకానికి తెరలు కుట్టడం, పరీక్షల వారంలో టీచర్లకు టీ కాచి ఇవ్వడం, వీటికి ఇంగ్లీషు ఎంత కావాలి? నాలుగుసార్లు వెళ్లాక ఆఫీసులో పెద్దావిడ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది. పిల్లకేదైనా కష్టమొచ్చిన రోజు మీరు ఎవరికి ఫోన్ చెయ్యాలో మీకు తెలిసి ఉంటుంది. పిల్ల మార్కులు యాప్‌లో చూడొచ్చు గానీ, పిల్ల ఏడిస్తే ఓదార్చే టీచరెవరో యాప్‌లో ఉండదు.

ఇండియా నుంచి వచ్చి చలికి ఇంట్లోనే ముడుచుకున్న అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ కూడా తీసుకెళ్లండి. స్కూలు నాటకానికి ముందు వరుసలో చీర కట్టుకుని కూర్చున్న అమ్మమ్మను చూసి మనవడు రెట్టింపు హుషారుగా ఆడతాడు.

మళ్లీ మంచు పడే లోపల, ఈ నెలలో మీ పిల్లల హైస్కూల్లో ఒక్క సాయంత్రం గడపండి. కోర్సుల సమావేశమో, సాకర్ ఆటో, ఆర్కెస్ట్రా కచేరీయో, మీ ఇష్టం. అక్కడ ఏం చూశారో, ఎవర్ని కలిశారో నాకు రాయండి. వచ్చే నెల ముచ్చట్లలో మీ ఊరి బడుల కబుర్లే చెప్పుకుందాం.